నవ్వు రాకపోతే విశ్వాసం లేనట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. విశ్వాసంలో ఆనందం ఉంటుంది, బలం ఉంటుంది అంటారు కదా, మరి మాకెందుకు కనపడటం లేదు అని. వాటిలో నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు బాగా పొడుగైంది, ఏమనుకోకండి, అది రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లె. పేరు వేయొద్దు. మా ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్లు దాటింది. కౌలుకి పొగాకు వేసేవాళ్లం, ఆ అప్పు కొంత ఇంకా నా నెత్తిన ఉంది. పొలం వదిలేసి పొగాకు ఆకు రకాలు వేరుచేసే గ్రేడింగ్ పనికి పోతున్నాను. పాప ఇంటర్, బాబు తొమ్మిది. శుక్రవారం ఉపవాస కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు నాకేం చేశాడో, చెప్పమంటారు. లేచి నిలబడితే గొంతు పూడుకుపోయి ఏడుపొచ్చేస్తుంది. "ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు, ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించమని వాక్యం కదా, నిన్ను చూస్తే కొత్తగా వచ్చేవాళ్లు ఏమనుకుంటారు" అని ఒక పెద్దావిడ అందరి ముందు అనేసింది. ఇంకో సంగతి చెప్తే మీరూ తిడతారేమో. చర్చిలో రాని నవ్వు నాకు గ్రేడింగ్ దగ్గర వస్తుంది. ఆకు ముందేసుకుని ఆడవాళ్లందరం కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు, కడుపు పట్టుకుని నవ్వుతాను. ఇంటికొచ్చాక సిగ్గేస్తుంది. మొగుడు పోయినదాన్ని, దేవుడి సన్నిధిలో రాని సంతోషం అక్కడెలా వచ్చింది అని. నాలో విశ్వాసం లేనట్టా?

జవాబు: లేదమ్మా, అలాంటిదేం లేదు. తిట్టాల్సిందీ ఏం లేదు. ముందు ఆ పెద్దావిడ చెప్పిన వాక్యం సంగతే చూద్దాం, ఎందుకంటే మన సంఘాల్లో ఆ ఒక్క మాట పట్టుకుని ఎంతమంది నోళ్లు మూయిస్తున్నారో నాకు వచ్చే ఉత్తరాలే సాక్ష్యం.

"ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని తొలినాటి బోధకుడు పౌలు ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసింది నిజమే. రాసేటప్పటికి ఆయన బంధకాల్లో ఉన్నాడు, బతుకుతాడో పోతాడో కూడా తేలలేదు. సరే, అదే ఉత్తరంలో రెండు పేజీలు వెనక్కి తిప్పి రెండో అధ్యాయం చివర చదవండి. ఎపఫ్రొదితు అనే తోటి పనివాడు జబ్బు చేసి చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. అతను పోయుంటే తనకి "దుఃఖముమీద దుఃఖము" అయ్యేదనీ, దేవుడు అతన్నే కాక తనని కూడా కనికరించాడనీ పౌలు రాసుకున్నాడు. ఆనందించమన్న మనిషే ఈ మాటా అన్నాడు. ఎపఫ్రొదితు పోయుంటే పౌలు కూడా మీలాగే ఏడ్చేవాడు, ఆ ఏడుపుని అవిశ్వాసమని ఎవరూ అనేవాళ్లు కాదు. ఇంకోటి, ఈ ఎపఫ్రొదితు అక్కడికి ఊరికే రాలేదు. ఫిలిప్పీ సంఘం వాళ్లు పౌలు కోసం కూడబెట్టి పంపిన సాయం మోసుకుని వచ్చాడు. మనం క్యాలెండర్ల మీద వేసుకునే ఆ ఆనందం మాట, సాయం అందుకున్నవాడు సాయం పంపినవాళ్లకి రాసిన ఉత్తరంలోది. ఇది ఎవరూ చెప్పరు.

ఇలాగే సగం కోసి వాడుకునే వాక్యం ఇంకొకటి ఉంది, నెహెమ్యా 8:10. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు." చాలా ఇళ్లలో గుమ్మం మీద స్టిక్కర్ ఉంటుంది. అక్కడ జరిగిందేమిటంటే, చెర నుంచి తిరిగొచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం ముందు మైదానంలో చేరారు, ఎజ్రా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు, వింటూ వింటూ జనమంతా ఏడ్చారు. అప్పుడు ఈ రోజు పండగ, ఏడవొద్దు అన్నారు. అనేసి ఊరుకున్నారా? వెళ్లి కొవ్విన మాంసం తినండి, తియ్యటివి తాగండి, తమ కోసం ఏమీ వండుకోలేని వాళ్లకి వంతులు పంపించండి అన్నారు. ఆ తర్వాతే ఆనందం, బలం అనే మాట వచ్చింది. అంటే ఆ ఆనందం వంటింట్లోంచి బయల్దేరి పక్కింటికి గిన్నెలో వెళ్లింది. మిమ్మల్ని ఆనందించమని చెప్పినవాళ్లలో ఎంతమంది ఈ రెండేళ్లలో మీ ఇంటికి ఒక క్యారియర్ పంపారో నాకు తెలియదు. పంపి ఉంటే మంచిదే. పంపకపోతే మాత్రం ఆ వాక్యంలో వాళ్లు చేయాల్సిన సగం ఇంకా బాకీ ఉంది.

కొత్తవాళ్లు ఏమనుకుంటారు అన్నారు కదా. బేతనియలో స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు, కాసేపట్లో అతన్ని బతికించి లేపబోతున్నానని తెలిసీ పెట్టుకున్నాడు. చుట్టూ చూస్తున్నవాళ్లు ఏమనుకున్నారో కూడా యోహాను రాశాడు: ఇతన్ని ఎంత ప్రేమించాడో చూడండి అనుకున్నారు. మిమ్మల్ని చూసినవాళ్లూ అదే అనుకోవచ్చు, పెనిమిటిని ఎంత ప్రేమించిందో అని. అందులో సంఘానికి వచ్చే నష్టం ఏముంది?

ఇప్పుడు ఆ గ్రేడింగ్ నవ్వు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ప్రాణం లేచొచ్చింది అక్కడే. పొగాకు ధూళి ముక్కుల్లోకి పోయి తుమ్ములొస్తుంటే, వేళ్లకి జిగురు పట్టి నల్లబడుతుంటే, పసుపు ఆకు ఒక పక్క, గోధుమ రంగుది ఒక పక్క, పచ్చి తిరిగినది ఇంకో పక్క వేరు చేసుకుంటూ, తలా ఒక కష్టం ఇంట్లో వదిలేసి వచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఒకళ్లనొకళ్లు నవ్వించుకుంటున్నారే, అది దేవుడిది కాకపోతే ఇంకెవరిది? చర్చి కాంపౌండ్ గోడ లోపలే సంతోషం పంచుతానని ఆయన ఎక్కడా అనలేదు. చర్చిలో మీరు నవ్వి చూపించాలి, గ్రేడింగ్‌లో మీకు నవ్వొస్తుంది. తేడా అంతే. కాబట్టి ఆ నవ్వుకి సిగ్గుపడకండి. మీ ఆయన ఉంటే ఆయనకీ మీరు నవ్వడమే కావాలి కదా.

సాక్ష్యం సంగతి. ఈ వారం నేను చెప్పలేను అని కూర్చోవచ్చు, అది తప్పు కాదు. పాస్టరు అయ్యగారితో నేరుగా మాట్లాడలేకపోతే ఆయన భార్య, అమ్మగారి చెవిన వేయండి. లేదా లేచి 13వ కీర్తన చదివి కూర్చోండి. "యెహోవా, ఎంతవరకు?" అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు అందులో. బైబిల్లో ఉన్నదే చదివితే ఎవరేమంటారు. 88వ కీర్తన అయితే మొదట్నుంచి చివరిదాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే, అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, మన పెద్దలు అలాగే ఉంచారు.

ఇంకో మాట, కొంచెం సీరియస్‌గా. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, పిల్లల మొహం చూసినా ఏమీ అనిపించకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం, ఇలాంటివి ఉంటే ఉపవాసం ఇంకో పూట పెంచొద్దు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం కూడా ఆ రొట్టె లాంటిదే అనుకోండి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి మానసిక వైద్యుల ఓపీ అడగండి. అంత దూరం రాలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అప్పు ఎవరికి ఎంత అనేది పాప చేత ఒక నోట్‌బుక్కులో రాయించండి, తలలో పెట్టుకుని మోయొద్దు. వితంతు పింఛను 4,000 వస్తోందా? రాకపోతే సచివాలయంలో అడగండి, మొహమాటపడకండి, అది మీ హక్కు.

ప్రశ్న: అక్కా, నేను కావలి నుంచి. డిగ్రీ అయి మూడేళ్లు, ఉద్యోగం లేదు. ఒక మీటింగ్‌లో విత్తనంగా కానుక వేస్తే నూరంతలు వస్తుందని చెప్పారట, మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చేసింది. ఏమీ జరగలేదు. నా విశ్వాసం తక్కువైందేమో, ఈసారి చెవి కమ్మలు పెడతాను అంటోంది. ఇంట్లో సంతోషం పోయింది. అమ్మకి ఎలా చెప్పాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కమ్మలు నీ దగ్గర దాచిపెట్టు.

తర్వాత అమ్మతో కూర్చుని లూకా 8వ అధ్యాయం తెరువు. నూరంతలు అనే మాట అక్కడి ఉపమానంలోదే. ఆ విత్తనం ఏమిటో శిష్యులు అడిగితే యేసే చెప్పాడు, విత్తనం దేవుని వాక్యం అని. గాజులు అనలేదు. మరి కొరింథీయుల్లో విత్తడం, కోయడం గురించి ఉంది కదా అని ఎవరైనా అంటే, ఉంది, రెండో పత్రిక తొమ్మిదో అధ్యాయం. అది యెరూషలేములో ఇబ్బంది పడుతున్న బీద విశ్వాసుల కోసం ఎత్తిన చందా. ప్రసంగీకుడి కోసం ఎత్తింది కాదు. పైగా ఆ వెంటనే, సణుక్కుంటూ గానీ బలవంతంగా గానీ ఇవ్వొద్దని ఉంది. భయపడి ఇచ్చేది బలవంతం కిందికే వస్తుంది.

తనకున్న రెండు కాసులూ కానుక వేసేసిన బీద విధవరాలి కథ కూడా చెప్తారు. మార్కు 12లో ఆ కథకి సరిగ్గా ముందు మాట ఏమిటో చూడు, విధవరాళ్ల ఇళ్లు దిగమింగేవాళ్ల గురించి యేసు హెచ్చరిస్తున్నాడు. ఆ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో అమ్మ చేతే చదివించు, నువ్వు వాదించనక్కర్లేదు. వాదిస్తే బిడ్డ దారి తప్పుతున్నాడని ఇంకా ఎక్కువ ఇస్తుంది. అమ్మ ఇచ్చింది నీ మీద ప్రేమతో, అది మాత్రం గుర్తుంచుకుని మాట్లాడు. గాజులు విడిపించేదాకా ఏదో ఒక పని చూసుకో, నచ్చిన ఉద్యోగం తర్వాత సంగతి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, అద్దంకి వైపు. మా ముత్తాతల తరం వాళ్లు కరువులో గంజి కోసం కిరస్తానంలో కలిశారని ఇప్పటికీ వెటకారంగా అంటుంటారు. స్టాఫ్ రూముల్లో కూడా విన్నాను. నిజమేనా? అంత ఆకలిలో ఉన్నవాళ్లకి విశ్వాసం, ఆనందం ఏముంటాయి?

జవాబు: మాస్టారూ, ఆ మాట అనేవాళ్లకి తేదీలు తెలియవు. మీరు ఈసారి తేదీలే చెప్పండి.

పెద్ద కరువు 1876 నుంచి 78 వరకు. అప్పటికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున క్లౌ దొర ఉన్నారు, 1866లో వచ్చారు. ఆయన కుర్రతనంలో అమెరికాలో సర్వే బృందంలో పనిచేసిన మనిషి, కొలతలు, లెవెళ్లు తెలుసు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టుకి తీసుకున్నారు. జనం వేలల్లో వచ్చి మట్టి తవ్వారు, మోశారు, కూలి తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలు. పని ఆపి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్లు. రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చుకున్న కూలిని ధర్మగంజి అనడం అన్యాయం.

ఇక అసలు సంగతి. కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట పడకూడదనే. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న, మద్దిపాడు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది కూడా దొర కాదు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. గంజి కోసమైతే గంజి ఉన్నప్పుడే రావాలి కదా, అయిపోయాక వచ్చి నదిలో దిగడం ఎందుకు? కొందరు ఏదో ఒక ఆసరా దొరుకుతుందనే వచ్చి ఉండొచ్చు, కాదనను. ఆకలితో ఉన్నవాడు ఆసరా కోరుకోవడం ఏమంత నేరమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాళ్లకి ఆనందం ఏముంటుంది అన్నారు. కరువుకి పదేళ్ల ముందు నుంచీ చూడండి. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద మొదట విశ్వసించి, ఊరూరా తిరిగి తనవాళ్లకి చెప్పాడు. చచ్చిన గొడ్డుని తినం, జాతరకి వెట్టి డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అన్నారు వాళ్లు. అన్నందుకు కూలికి పిలవడం మానేసిన ఊళ్లున్నాయి, కొట్టిన ఊళ్లున్నాయి. (డప్పు తప్పని నేను అనడం లేదు, ఇవాళ దాన్ని గర్వంగా మోగిస్తున్నారు, మంచిదే. అప్పుడది వెట్టి.) తరతరాలుగా తలొంచుకున్న మనిషి ఊరి పెద్ద ముందు నిలబడి ఇది చేయను అనగలిగాడంటే, ఆ బలం గంజి తాగితే వచ్చేది కాదు. ఒంగోలులో మొదట్లో పైకులాల వాళ్లు కొందరు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారట. క్లౌ దొర, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని, లోకంలో నీచులైనవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడనే మొదటి కొరింథీ ఒకటో అధ్యాయమని, ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. మాదిగల్నే చేర్చుకున్నారు.

ఇంకా వెనక్కి పోతే 1853లో, ఇదే బాప్టిస్టుల నెల్లూరు మిషన్ వల్ల ఫలితం లేదు, మూసేద్దామా అని అమెరికాలో చర్చ. ఆ మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఆ మిషన్‌లో ఉన్న జూయెట్ దొర దంపతులు, మరో ముగ్గురు, మొత్తం ఐదుగురే ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ రోజు వాళ్ల చేతిలో చూపించడానికి ఏమీ లేదు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటున్నాం. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. మీ మనవళ్లని ఒకసారి వెల్లంపల్లి తీసుకెళ్లి ఏరు చూపించండి మాస్టారూ, స్టాఫ్ రూముల్లో వెటకారం రేపు వినాల్సింది వాళ్లే.

ప్రశ్న: అక్కా, ప్రెయిజ్ ద లార్డ్. నేను ఉదయగిరి అమ్మాయిని, నెల్లూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఎక్కువ నైట్ డ్యూటీలే, ఆదివారాలు కూడా. ఊళ్లో ఉన్నప్పుడు క్వయర్‌లో పాడేదాన్ని. ఇప్పుడు ఆరాధనకి వెళ్లి ఎన్నాళ్లయిందో. రూముకొచ్చి మోకాళ్లేసుకుంటే అలాగే మంచానికి తల ఆనించి నిద్రపోతున్నాను. లోపల అంతా ఎండిపోయినట్టు ఉంది. దేవుడికి కోపమొచ్చిందా?

జవాబు: నిద్రపోయినందుకా? లేదమ్మా. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన పిల్ల నిద్రపోతుంది. 127వ కీర్తనలో తన ప్రియులు నిద్రపోతుండగానే ఆయన వాళ్లకి ఇస్తాడని ఉంది, హాయిగా పడుకో. మోకాళ్ల మీద మాత్రం వద్దు, నడుం పట్టేస్తుంది.

134వ కీర్తన మూడే వచనాలు, కంఠతా పట్టెయ్. రాత్రివేళ యెహోవా మందిరంలో నిలబడేవాళ్లని ఉద్దేశించి పాడింది అది. దేవాలయంలో కూడా నైట్ డ్యూటీలు ఉండేవి మరి. రెండు గంటలకి సెలైన్ మార్చడానికి వెళ్తూ మనసులో అనుకోవచ్చు. ఆవలి వార్డులో ఎవరో నొప్పికి మూలుగుతుంటే వెళ్లి దిండు సరిచేసి కాసేపు పక్కన నిలబడ్డావనుకో, అది ఆరాధన లెక్కలోకి రాదని నేనైతే అనను.

కానీ క్వయర్‌లో పాడిన గొంతుకి ఒంటరి ప్రార్థన ఒక్కటే చాలదు, పక్కన ఇంకో గొంతు కావాలి. హాస్టల్లో మీవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. డ్యూటీకి బయల్దేరే ముందు ఒక్క కీర్తన, రెండు చరణాలు కలిసి పాడుకోండి, ప్రసంగాలు పెట్టుకోవద్దు. నైట్ దిగే టైముకి పొద్దున్నే మొదటి ఆరాధన పెట్టే సంఘం దగ్గర్లో ఏదైనా ఉందేమో కనుక్కో, యూనిఫాం మీదే వెళ్లు, ఎవరూ ఏమీ అనుకోరు. డ్యూటీ లిస్టు వేసేముందే ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి వెళ్లి నెలకి ఒక్క ఆదివారం అడుగు. బదులుగా క్రిస్మస్ తర్వాతి రోజో, సంక్రాంతి రోజో నువ్వు చేస్తానను. పండక్కి ఊరెళ్లాలనుకునే అమ్మాయి ఎవరో ఒకరు వెంటనే మార్చుకుంటారు.